గోడ మీదుగా అడిగిన నెంబరు

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న గోడ నా భుజాల ఎత్తు ఉంటుంది. పాలు తోడు వేయడానికి పెరుగు లేకపోతే అమ్మ ఆ గోడ మీదుగానే గిన్నె చాపేది. కరివేపాకు, అగ్గిపెట్టె, గోనెసంచులు కుట్టే దబ్బనం, అన్నీ ఆ గోడ మీదుగానే అటూ ఇటూ తిరిగేవి. కొన్నేళ్లుగా వాటిలో ఓటీపీ కూడా చేరింది.

"పెద్దమ్మా, నెంబరొచ్చిందా?" అని నేను ఇటునుంచి అడిగేదాన్ని.

"ఉండు బిడ్డ, అద్దాలు పెట్టుకోనీ" అని ఆమె ఫోన్ వెలుతురుకు తిప్పి ఒక్కొక్క అంకె చెప్పేది. పెద్దమ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. పెరుగు ఇచ్చినంత తేలికగా నెంబరు ఇచ్చేది. మేమూ అంతే తేలికగా తీసుకునేవాళ్ళం.

ఆమె మాకు చుట్టం కాదు. అమ్మ ఉన్న మహిళా సంఘానికి లీడర్. సంఘంలో చేరిన రోజుల్లో అమ్మకు ఫోన్ లేదు. బాపు వెంచర్లకు నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు, ఆయన ఫోన్ ఎప్పుడూ ఆయనతోపాటు రోడ్డు మీదే ఉంటుంది. అందుకని అమ్మ కాగితాల్లో ఫోన్ నెంబరు అడిగిన ప్రతిచోటా పెద్దమ్మ నెంబరే రాయించారు. ఆధార్‌కూ అదే. అమ్మకే కాదు, సంఘంలో సగం మందికి అదే నెంబరు. ఎవరికి ఏ మెసేజ్ వచ్చినా పెద్దమ్మ ఫోన్ పట్టుకుని మా గోడ దగ్గరికి వచ్చేది. చదివి చెప్పే పని నాది.

నాకు మనుషులతో మాట్లాడటం చేతకాదు. చదవమంటే మాత్రం చదువుతాను. మా వాడలో అందరికీ నా గురించి తెలిసింది ఇంతే. రోజూ డైరీ రాస్తానని, గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలు బియ్యం డబ్బా వెనక పెట్టుకుంటానని ఎవరికీ తెలియదు.

అమ్మ, పెద్దమ్మ, ఇంకొక ఆమె, ముగ్గురూ కలిసి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతారు. మూడో ఆమె వయసులో చిన్నది, అమ్మ ఆమెను చెల్లె అని పిలుస్తుంది. పెద్దమ్మ బియ్యం, గుడ్లు లెక్క చూసుకుంటుంది. చెల్లె కూరగాయలు కోస్తుంది. పప్పుచారు అమ్మది. పోపు పడగానే అయిదో తరగతి కిటికీలోంచి తలలు బయటికి వస్తాయని పెద్దమ్మ నవ్వుతూ చెప్పేది. సాయంత్రం అమ్మ పక్కనుంచి వెళ్తే చేతుల్లోంచి ఎల్లిపాయ పోపు వాసన వచ్చేది. ఇంట్లో అమ్మ ఎక్కువగా మాట్లాడదు. బడిలో మాత్రం పిల్లలు "ఆయమ్మా, ఇంకో గంటె" అంటుంటే ఆమెకు కూడా ఒక చోటు ఉన్నట్టు ఉండేది. ఆ చోటు పోకూడదన్నదే ఈ కథంతా.

కిందటేడు కడుపునొప్పి అని దవాఖానకు పోతే రక్తపరీక్షలు చేశారు. హెపటైటిస్ బి అని తేలింది. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. రోజూ ఒక గోలీ వేసుకోవాలి, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలి, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకుని టీకా వేసుకోవాలి. అమ్మ అన్నీ విని ఒకే ఒక్క మాట అడిగింది.

"మేడం, నేను బడిల వంట చేస్త. పిల్లలకు అంటుతదా?"

"అంటుకోదమ్మా. ఇది అన్నంతోని, నీళ్లతోని అంటేది కాదు. రక్తంతోని అంటుతది. వంట చేసుకో, ఫికర్ చెయ్యకు."

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "డాక్టర్ అంటుకోదన్నది. గది డాక్టర్‌కు తెలుసు. పిల్లల తల్లులకు తెలుస్తదా? ఎవ్వరికి చెప్పకు. పెద్దమ్మకు గూడ."

బాపుకూ నాకూ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. టీకాలు వేసుకున్నాం. అమ్మ గోలీలు పసుపు డబ్బా పక్కన ఒక చిన్న డబ్బాలో చేరాయి. పరీక్ష తేదీలు, గోలీ పేరు, డాక్టరమ్మ చెప్పిన మాటలు నా డైరీ చివరి పేజీల్లో రాసిపెట్టుకున్నాను. డైరీ పెట్టెలో, పాత చీరల కింద ఉండేది. ఒకసారి అమ్మ చీర కోసం పెట్టె తెరిస్తే, నేనే తీసిస్తానని పరిగెత్తాను. అమ్మకు చదవడం వచ్చు, డైరీలో అమ్మ గురించి ఇంకా చాలా ఉంది. రోగం సంగతులు కాగితం మీద ఉండకూడదని అప్పుడే అనుకున్నాను. ఫోన్‌లో అయితే తాళం వేసి పెట్టుకోవచ్చు, ఎవరూ చూడరు అనిపించింది. అప్పుడు అలాగే అనిపించింది.

దవాఖాన కౌంటర్లో అమ్మ ఆధార్ చూసి, కాగితాలన్నీ ఒకచోట కనబడేలా ఒక నెంబరు చేసి ఇచ్చారు. దాని గురించి ఫోన్‌లో వెతుకుతుంటే ఒక ప్రైవేటు యాప్ కనబడింది. గోలీ వేసుకునే టైము గుర్తు చేస్తుందట, రిపోర్టులు వరుసగా పెడుతుందట, బయట చేయించుకునే పరీక్షలకు తగ్గింపు ఇస్తుందట. దించుకున్నాను. అమ్మకు దవాఖానలో ఇచ్చిన నెంబరును యాప్ అడిగింది, కొట్టాను. తర్వాత ఒక పేజీ వచ్చింది. ఏ కాగితాలు చూడటానికి ఒప్పుకుంటారు, ఎందుకు, ఎంతకాలం అని అడుగుతోంది. మందుల చీటీలు, పరీక్ష రిపోర్టులు, రోగం వివరాలు, ఒక్కొక్క దానికి ఎదురుగా ఒక గడి. అన్నింట్లోనూ ముందే టిక్కులు ఉన్నాయి. గోలీ గుర్తు చేయడానికి మందుల చీటీ ఒక్కటే చాలు, మిగతావి తీసేయవచ్చు. కాలం ఒక నెలే పెట్టుకోవచ్చు. కింద చిన్న అక్షరాల్లో, తమతో కలిసి పనిచేసే సంస్థలకు కూడా ఇస్తామన్న గడి ఉంది. అందులోనూ టిక్కే.

ఇవన్నీ ఆ తర్వాత ఎప్పుడో చదివి తెలుసుకున్నవి. ఆ రోజు చదవలేదు. మూడు వందల పేజీల నవల రెండు రోజుల్లో చదివేదాన్ని, ఆ ఒక్క పేజీని వేలితో కిందికి తోసేసి ఒప్పుకున్నాను. ఓటీపీ పంపామన్నది యాప్. లేచి గోడ దగ్గరికి వెళ్ళాను.

"పెద్దమ్మా, నెంబరొచ్చిందా?"

"వచ్చింది. దేనికే ఇది?"

"అమ్మ దవాఖాన కాయితాలకు."

"కడుపునొప్పి తక్కువైందా మీ అమ్మకు?"

"అయింది పెద్దమ్మా."

"గదే చాలు. రాస్కో" అని ఆరు అంకెలు చెప్పింది.

వారం తిరగకముందే పెద్దమ్మ ఫోన్‌తో గోడ దగ్గరికి వచ్చింది. "ఏందో వచ్చింది, జర చూడు బిడ్డ. మీ అమ్మ పేరు లెక్క కనబడ్తుంది."

అక్షరాలు రాకున్నా సంఘం పుస్తకంలో రోజూ చూసే పేర్ల ఆకారాలు ఆమెకు తెలుసు. నేను ఫోన్ తీసుకుని చూశాను. అమ్మ పేరు, ఆ వెంటనే హెపటైటిస్ బి, లివర్ పరీక్షల మీద తగ్గింపు.

"గ్యాస్ ది పెద్దమ్మా" అన్నాను. "సబ్సిడీ పడ్డదంట."

"పడ్డదనే రాసిండ్రా, ఎంత పడ్డదో రాయలేదా?"

"రాయలే."

"దొంగలు" అని నవ్వి ఫోన్ తీసుకుంది.

నేను అబద్ధం చదవడం అదే మొదలు. ఆ తర్వాత వారానికి రెండు మూడు వచ్చేవి. ఒకటి రీచార్జి అన్నాను, ఒకటి కరెంటు ఆఫీసు నుంచి అన్నాను. ఇంకొకసారి ఏం చెప్పాలో తోచక, బతుకమ్మ శుభాకాంక్షలు అన్నాను. "బతుకమ్మ పోయి నెల దాటె, ఇప్పుడు చెప్తుండ్రా" అని పెద్దమ్మ అంటే ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చదివిన వెంటనే మెసేజ్ తీసేసేదాన్ని. ఎందుకు తీసేస్తున్నవంటే, ఫోన్ నిండిపోతది పెద్దమ్మా అనేదాన్ని.

యాప్‌లో నెంబరు మార్చుకుందామని చూశాను. మార్చాలంటే పాత నెంబరుకు ఓటీపీ వెళ్తుంది. ఆధార్‌లో మార్చాలంటే అమ్మను సెంటర్‌కు తీసుకెళ్ళాలి. ఆమెకు ఏం జరిగిందో చెప్పాలి. నేను చెప్పలేదు. రేపు, వచ్చే వారం అనుకుంటూ గడిపాను. నా ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే మెసేజ్‌లు ఆగుతాయనుకుని ఒకరోజు తీసేశాను. అవి ఆగలేదు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. నేను ఒక ప్లాట్ల వెంచర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. వారానికోసారి మా సారు ఒక లిస్టు పంపుతాడు. వేలకు వేలు పేర్లు, నెంబర్లు. నేను వాటిని వరుస చేసి, ఫోన్లు చేసే అమ్మాయిలకు పంచుతాను. వాళ్ళు చెప్పింది ఎదురుగా రాస్తాను. వద్దన్నారు, మళ్ళీ చెయ్యమన్నారు, తిట్టారు. వద్దన్నవాళ్ళకు నెల తర్వాత మళ్ళీ చేస్తాం. మనిషి చనిపోయాడని చెప్తేనే ఆ వరుస తీసేస్తాం. ఆ లిస్టు ఎక్కడినుంచి వస్తుందని నేను ఎప్పుడూ అడగలేదు. పెద్దమ్మ ఫోన్‌కు ఆ మెసేజ్‌లు రావడం మొదలైన తర్వాత కూడా అడగలేదు.

మెసేజ్ అయితే నా చేతికి వస్తుంది, దాన్ని నేను ఏమనైనా చదవవచ్చు. ఫోన్ వస్తే ఏం చేయాలన్నది నాకు తట్టలేదు.

ఆ రోజు అమ్మ మామూలు కంటే ముందే ఇంటికి వచ్చింది. నాకు ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉన్నాను. గడప మీద కూర్చుని చెప్పులు విప్పకుండా చెప్పింది.

పెద్దమ్మ టమాటలు పిసుకుతుంటే ఫోన్ మోగిందట. చేతులు తడిగా ఉన్నాయని చెల్లెతో స్పీకర్ నొక్కించి, ఫోన్‌ను గుడ్ల అట్ట మీద పెట్టించింది. అటునుంచి ఒక అమ్మాయి గొంతు, అమ్మ పూర్తి పేరు చెప్పి, మీరేనా అండి అని అడిగింది.

"ఆమె ఈడనే ఉన్నది. ఏంది చెప్పు" అన్నది పెద్దమ్మ.

"ఆవిడ హెపటైటిస్ బి కి మందులు వాడుతున్నారు కదండి. వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష ఇంటికే వచ్చి చేస్తాం. ఈ వారం ఆఫర్ ఉందండి."

అమ్మ చేతిలో గంటె ఉంది. చెల్లె కత్తి పక్కన పెట్టి, "వైరస్ ఏందక్కా?" అని అడిగింది. పెద్దమ్మ ఫోన్ వైపు చూసి, అమ్మ వైపు చూసి, "చారు మాడుతుంది, చూడు" అన్నదట. అంతే.

"మరి నువ్వేం చేసినవ్?" అని అడిగాను.

"చూసిన. మాడలే" అన్నది అమ్మ. తర్వాత, "గా పిల్లకు నా పేరు ఎట్ల తెలిసింది?" అని అడిగింది.

అప్పుడు చెప్పాను. యాప్, టిక్కులు, ఓటీపీ, గ్యాస్ అని చదివింది, బతుకమ్మ అని చదివింది, అన్నీ. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీకు చదువొచ్చు గదా" అన్నది. అడిగినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టు. చెప్పులు విప్పి లోపలికి పోయింది.

రెండు రోజులకు ఆ మాట బడి పెద్దసారు దాకా పోయి, ఆయన డాక్టర్ కాగితం తెమ్మన్నాడు. మంచిమాటతోనే అడిగాడట. దవాఖానకు పోతే డాక్టరమ్మ విసుక్కుంది. "చెప్పిన గదమ్మా అంటుకోదని. మీ సార్‌కు నీ రోగం ఎట్ల తెలిసింది?" అని నా వైపు చూసింది. నేను నేల చూశాను. వంట పనికి అడ్డం లేదని రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చింది. ఒక రహస్యం బయట పడినందుకు దాన్ని ఇంకో చోట కూడా రాసి ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడు బడి ఫైలులో కూడా అమ్మ రోగం పేరు ఉంది.

అమ్మను బడి నుంచి తీసేయలేదు. మరుసటి రోజు వెళ్ళేసరికి పొయ్యి దగ్గర చెల్లె నిలబడి ఉంది. పెద్దమ్మ అమ్మతో, "నువ్ కొన్నొద్దులు బోళ్ళు చూస్కో. పిల్లల తల్లులు ఊకోరు" అన్నది. అమ్మ నల్లా దగ్గరికి వెళ్ళి గంజులు తోమింది. ఆ రోజు నుంచి ఆమె చేతులకు సబ్బు వాసన.

గోడ మీదుగా ఏమీ రావడం లేదు. పెద్దమ్మ ఫోన్ చూపించడానికి రావడం మానేసింది. సంఘం మెసేజ్‌లు ఎవరితో చదివించుకుంటుందో తెలియదు.

యాప్‌కు ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చని తెలుసుకున్నాను. మళ్ళీ యాప్ ఎక్కించుకుని, ఈసారి ప్రతి పేజీ చదువుతూ లోపలికి పోయాను. ఒప్పుకోలు రద్దు చేసే చోటు చాలా లోపల దొరికింది. నొక్కాను. ఓటీపీ పంపాం అన్నది.

ఇక గోడ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. పెద్దమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను పిలవకముందే ఆమే తల ఎత్తి చూసింది.

"నెంబరొచ్చింది పెద్దమ్మా."

"నాకు తెలుసు, మోగింది. ఇప్పుడు దేనికి? గ్యాస్‌కా?"

"కాదు. నేను ఇచ్చిన దవాఖాన కాయితాలు వాపస్ తీస్కుందామని."

చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. ఫోన్ గోడ మీద పెట్టి దాని మీద అరచెయ్యి ఆనించింది. "రోగం సంగతి డాక్టర్ రాసిచ్చింది, సరే. మీ అమ్మ దాసుకున్నది, గది గూడ నాకు సమజైతది. నేనైనా దాసుకుందు. గాని నా ఫోన్‌ల వచ్చింది నాకే తప్పు సదివినవ్. ఇగ నేనెవ్వర్ని నమ్మాలె? సంఘం పైసల మెసేజ్ గూడ నువ్వే సదివినవ్ గదా. అవన్ని నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా."

"నాకెట్ల తెలుస్తది?"

ఏడుపు వచ్చింది గానీ ఆమె ముందు ఏడవడానికి నాకు హక్కు లేదనిపించింది. ఆమె అద్దాలు పెట్టుకుని అంకెలు చదివింది. ఇదివరకు గబగబా చెప్పేది, ఈసారి ఒక్కొక్కటి ఆపి ఆపి చెప్పింది. కొట్టాను. ఒప్పుకోలు రద్దయింది. ఇంతకుముందు ఇతరులకు అందిన సమాచారాన్ని మేము వెనక్కి తేలేము అని కింద ఒక వాక్యం వచ్చింది. దాన్ని పెద్దమ్మకు ఉన్నది ఉన్నట్టు చదివాను.

"గట్లనే ఉంటది" అన్నది. "ఇచ్చిన పెరుగు వాపసొస్తదా?"

తర్వాత అమ్మను సెంటర్‌కు తీసుకెళ్ళి ఆధార్‌లో నా నెంబరు పెట్టించాను. కానీ అప్పటికే లిస్టుల్లోకి ఎక్కింది పెద్దమ్మ నెంబరు. ఫోన్లు ఆమెకే వస్తున్నాయి.

మొన్న ఆదివారం చాలా రోజుల తర్వాత పెద్దమ్మ గోడ దగ్గరికి వచ్చి ఫోన్ చాపింది. "సదువు. ఉన్నది ఉన్నట్టు సదువు."

అమ్మ నల్లా దగ్గర బట్టలు ఉతుకుతోంది. నేను గట్టిగానే చదివాను. అమ్మ పేరు, రోగం పేరు, లివర్ పరీక్ష, ఆఫర్, ఏదీ వదలలేదు. చుట్టుపక్కల ఇళ్లకు కూడా వినబడుతుందని తెలిసే చదివాను.

అమ్మ బట్ట పిండుతూ అన్నది. "అక్కా, ఈసారి ఫోన్ చేస్తే నేను చచ్చిపోయిన అని చెప్పు. చచ్చిపోయిండ్రంటెనే లిస్టుల కెళ్ళి తీస్తరంట. బిడ్డ ఆఫీసుల గట్లనే చేస్తరు."

"నోటితోని గసొంటి మాట అంటరా?" పెద్దమ్మ కసిరింది. "నేను వేరే చెప్తున్న వాళ్ళకు. ఆమె వంట కాడ ఉన్నది, ఇప్పుడు మాట్లాడదు అని చెప్తున్న."

అమ్మ పిండిన బట్ట దులిపి తీగ మీద వేసింది. "వంట కాడ యాడున్న అక్కా నేను. బోళ్ళ కాడ ఉన్న."

పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని కొంగుతో తుడిచి లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు సోమవారం. ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ గడప దగ్గర ఉంది. పెద్దమ్మ మళ్ళీ పొయ్యి దగ్గరికి రమ్మన్నదా అని నేను అడగలేదు. నా చేతిలోని సంచి అందుకోవడానికి దగ్గరికి వచ్చింది. సబ్బు వాసనే వచ్చింది.